కర్రోడి పళ్లెం, బూరె గిన్నె: పచ్చి మాంసం లెక్కల డైరీ

నవంబరు 10, 2024, ఆదివారం, రాజమండ్రి

కర్రోడిని ఎత్తుకుని బరువు చూసే మిషన్ మీద నిలబడితే 76.1 చూపించింది. వాణ్ణి దింపేసి నేనొక్కదాన్నే నిలబడితే 57.7. అంటే వాడు 18.4 కిలోలు. ఎత్తుకున్నంతసేపూ నా చెవి నాకుతూనే ఉన్నాడు కాబట్టి ఒక వంద గ్రాములు అటూ ఇటూ. మా పిల్లి బూరెని కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి వంటింటి కాటా మీద పెట్టాను. బుట్ట బరువు తీసేస్తే 3.2.

కర్రోడు మా వీధి కుక్కే. నాలుగేళ్ల కిందట ఒక వర్షంలో గేటు లోపలికొచ్చి మళ్లీ బయటికి పోలేదు. పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ తోలు వేసి ఉడకబెట్టిన అన్నం. నాలుగేళ్లుగా ఇదే మెనూ. బూరెకి ప్యాకెట్ గింజలు, ఆదివారం పూట చేప తలకాయ. ఇద్దరూ బాగానే ఉన్నారు గానీ, కర్రోడికి వినాయక చవితి నుంచి ఒకటే దురద. తోక మొదట్లో, వీపు కింది భాగంలో వెంట్రుకలు ఊడిపోయేలా కొరుక్కుంటున్నాడు.

బెంగళూరులో ఉండే మా పెదనాన్న కొడుకు తన లాబ్రడార్‌కి పచ్చి మాంసమే పెడతాడు. "అన్నం మానిపించవే, నెలలో దురద పోకపోతే నన్నడుగు" అన్నాడు. వారం రోజులుగా దీని మీదే చదువుతున్నాను. ఇప్పుడు అందరూ చెప్పే పద్ధతికి ఊపు తెచ్చింది ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు, 1993లో. కుక్కకి వండిన తిండి, ప్యాకెట్ తిండి మానిపించి ఎముకలతో సహా పచ్చిగా పెట్టమన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని 80-10-10 లెక్కగా మార్చారు. వందలో ఎనభై వంతులు కండ, పది ఎముక, మిగతా పదిలో సగం లివర్, సగం కిడ్నీ లాంటి ఇంకో అవయవం. గుండెకాయ, కందనకాయ కండ కిందికే వస్తాయట. నేను అవీ లోపలి భాగాలే కదా అని ఆ పదిలో కలుపుదామనుకున్నాను. చదవకపోతే మొదటి రోజే లెక్క తప్పేది.

పెద్ద కుక్కకి రోజుకి ఒంటి బరువులో రెండు నుంచి మూడు శాతం తిండి. రెండున్నర అనుకుంటే 460 గ్రాములు. అందులో ఎముక 46. కోడిమెడలో మూడో వంతుకి కాస్త పైనే ఎముక ఉంటుంది కాబట్టి 130 గ్రాముల మెడలు వేస్తే ఎముక లెక్క సరిపోతుంది. లివర్ 23, కిడ్నీ 23. మిగతా 284 గ్రాములు ఉత్త కండ. ఎరువుల కొట్టులో చిట్టా రాసే ఉద్యోగం నాది. అంకెలు చూస్తే నాకు ధైర్యం వస్తుంది.

అంకెల్లో రానిదల్లా అమ్మ. ఇది కార్తీకమాసం. పోలి స్వర్గం అయ్యేదాకా ఇంట్లోకి నీసు రాకూడదంది. పెరటి వరండాలో కుళాయి పక్కన ఒక బల్ల, ఒక కత్తి, ఒక ప్లాస్టిక్ పలక, రెండు స్టీలు డబ్బాలు వేరే పెట్టుకుంటే సరేనంది. నిజానికి ఇంతకన్నా మంచి షరతు నాకెవరూ పెట్టి ఉండరు. పచ్చి మాంసం వంటింటి పలక మీద కోయకూడదని చదివినచోటల్లా ఉంది.

నవంబరు 14

చికెన్ కొట్టుకి వెళ్లాను. "మెడలు అరకిలో బాబాయ్, ముక్క కొట్టొద్దు. లివర్ పావుకిలో, గుండెకాయలు, కందనకాయలు కలిపి అరకిలో, బోన్‌లెస్ కిలో."

"పులుసుకా అమ్మా, వేపుడుకా?"

"మా కుక్కకి."

కత్తి ఆపి నా వంక చూశాడు. "కార్తీకమాసంలో మనుషులే మానేస్తే కుక్కకి బోన్‌లెస్సా!" అని నవ్వి మెడలకు డబ్బులు తీసుకోలేదు. మామూలుగా ఇవి చేపల చెరువులకు పోతాయట. పోకూడదు, అది వేరే గొడవ.

నిలబడ్డ ఆ పది నిమిషాల్లో ఎప్పుడూ గమనించనివి గమనించాను. కోడిని కోసి పడేసే డ్రమ్ము, పక్కనే చింతమొద్దు. మొద్దు నడుమ గుంట పడి అందులో నీళ్లూ నెత్తురూ నిలిచాయి. పేగులు లాగిన చేత్తోనే బోన్‌లెస్ తీశాడు. అన్నీ ఒకే బకెట్‌లో ముంచాడు. వండుకుని తినేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు, పొయ్యి చూసుకుంటుంది. నేనేమో పొయ్యి ఎక్కించను. ఇది మనసులో గుచ్చుకుంది, కానీ వెనక్కి తగ్గలేదు.

నవంబరు 17, ఆదివారం

మొదటి పూట. పళ్లెంలో 230 గ్రాములు, పైన ఒక మెడ.

కర్రోడు ముందు వాసన చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ వాసన చూశాడు. ఇది నాదేనా అన్నట్టు ఒక కండ ముక్క నోట కరుచుకుని దూరంగా తీసుకెళ్లి పెట్టి, అక్కడ తిన్నాడు. రెండో ముక్క నుంచి ఇక అనుమానం లేదు. మెడ దగ్గరికొచ్చేసరికి మాత్రం నా గుండె జారిపోయింది. నములుతాడనుకుంటే ఒక్క కొరుకు కొరికి గుటుక్కున మింగబోయాడు. సగంలో ఆగింది. మెడ చాపి, కళ్లు పెద్దవి చేసి, రెండుసార్లు ఓకరించి మొత్తం బయటికి కక్కేశాడు. నేను వేళ్లు పెట్టి లాగేలోపే దాన్ని మళ్లీ నోట్లో వేసుకుని, ఈసారి కరకరా నమిలి మింగాడు. టెన్షన్‌తో నా చేతులు వణికాయి. వాడు మాత్రం పళ్లెం నాకుతున్నాడు.

రేపటి నుంచి మెడ ఒక కొస పటకారుతో పట్టుకుని రెండో కొస నమిలిస్తాను. ఎముక పచ్చిదే అయి ఉండాలి. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. మేక కాలి బొమిక పచ్చిదైనా పెట్టను, దాన్ని కొరికి పై దవడ పళ్లు చిట్లించుకునే కుక్కలు బోలెడు.

నవంబరు 21

పొద్దున కర్రోడు వెనక కాళ్లు వంచి చాలాసేపు ముక్కాడు. వచ్చింది సుద్దముక్కలా తెల్లగా, పుల్లతో తాకితే పొడిపొడి అయిపోయింది. ఎముక ఎక్కువైందన్న మాట. ఎక్కడ తప్పానా అని చూస్తే, మూడు రోజులుగా బాబాయ్ తోలు, కండ లేని మెడలు ఇస్తున్నాడు. కండ లేకపోతే అదే 130 గ్రాముల్లో ఎముక బాగా పెరుగుతుంది. 70కి తగ్గించాను.

తగ్గించాం కదా అని పూర్తిగా మానేయడానికీ లేదు. ఉత్త కండలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి బోన్‌లెస్ ఒక్కటే పెడితే, ఒంటికి కావలసిన కాల్షియం తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. కుక్కపిల్లలకైతే కాళ్లు వంకర పోతాయి. ప్రేమకొద్దీ రోజూ మెత్తటి చికెన్ పెట్టి ఇలా చేసుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

నవంబరు 26

బూరె సంగతి రాయలేదు కదా. రాయడానికేమీ లేదు, తినలేదు. చికెన్ ముక్కని ముక్కుతో తోసి, ముందు కాలితో మట్టి కప్పుతున్నట్టు గచ్చుని గీకింది. అది దొడ్డికి వెళ్లాక చేసే పని. ఇంతకన్నా స్పష్టంగా అభిప్రాయం చెప్పడం నావల్ల కూడా కాదు.

ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టడం కుక్క దగ్గర చెల్లుతుందేమో, పిల్లి దగ్గర ప్రమాదం. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి అది పాడైపోతుంది. అందుకని గింజలు మానిపించలేదు. గుండెకాయని శనగగింజంత ముక్కలు కోసి, గిన్నెని వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, పైన గింజల పొడి చల్లాను. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం పిల్లికి చచ్చిన ఎలుకలాంటిది, గోరువెచ్చగా ఉంటే ఇప్పుడే పట్టిన ఎలుక. ఆరు ముక్కలు తింది.

డిసెంబరు 8, ఆదివారం

ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే పై అరలో థర్మామీటర్ పెట్టి చూశాను. మైనస్ 9. తలుపు నాలుగుసార్లు తెరిస్తే మైనస్ 6. ఇదేం సరిపోదు. మాంసంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తిత్తులు చావాలంటే మైనస్ 12 కంటే కిందికి పోయి కొన్ని రోజులు అక్కడే ఉండాలి. ఐస్‌క్రీమ్ కొట్టు ఎత్తేసినాయన దగ్గర పాత డీప్ ఫ్రీజరు 7,500కి తీసుకున్నాను. మైనస్ 19 చూపిస్తోంది. పదిహేను రోజుల సరుకు ఒకేసారి తూచి, పూట పూటకీ కవర్లు కట్టి, తేదీ రాసి పెడుతున్నాను. ముందు రోజు రాత్రి ఒక కవరు ఫ్రిజ్ కింది అరలోకి మారుతుంది. గట్టు మీద పెట్టి కరిగించడం మన ఎండలకి కుదరదు.

అయితే ఫ్రీజరు చేసేదానికీ ఒక హద్దుంది. పురుగుల్ని చంపుతుంది గానీ సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి బ్యాక్టీరియాని చంపదు, నిద్ర పుచ్చుతుందంతే. అమెరికాలో తిండినీ మందుల్నీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 దాకా పెంపుడు జంతువుల కోసం అమ్మే పచ్చి మాంసం ప్యాకెట్లు 196 పరీక్షిస్తే 15 ప్యాకెట్లలో సాల్మొనెల్లా, 32 ప్యాకెట్లలో లిస్టీరియా దొరికాయి. అవి ఫ్యాక్టరీలో కట్టిన ప్యాకెట్లు. మా చింతమొద్దుని ఎవరూ పరీక్షించలేదు.

డిసెంబరు 19

కర్రోడి బరువు 18.0. మెరుపు కాస్త వచ్చిందనిపిస్తోంది, నా భ్రమేమో కూడా. దొడ్డికి వెళ్లేది తగ్గింది, వాసనా తగ్గింది. ఇది మాత్రం భ్రమ కాదు, ఎత్తేది నేనే. దురద? అంగుళం కూడా తగ్గలేదు. పసుపుబిళ్లంత పుండు పడింది.

ఇక లాభం లేదని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ గారు నా నోట్‌బుక్ పక్కన పెట్టి, సన్నపళ్ల దువ్వెనతో తోక మొదలు దువ్వారు. మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు రాలాయి. వాటిని తడి దూది మీద పెట్టి "చూస్తూ ఉండండి" అన్నారు. అర నిమిషంలో ఒక్కో నలుసు చుట్టూ తుప్పు రంగు పాకింది. "ఇది మట్టి కాదమ్మా, నెత్తురు. ఎగిరే పేలు ఉంటాయి చూడండి, ఫ్లీస్ అంటాం, అవి తాగి విసర్జించిన నెత్తురు. తోక మొదట్లో దురదంటే నూటికి తొంభై ఇదే."

అంటే నెల రోజులుగా నేను తూచిన గ్రాములకీ వాడి దురదకీ సంబంధమే లేదు. ఒక మాత్ర, బూరెకి మెడ మీద వేసే చుక్కల మందు. కొన్ని కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకి విషమట, అందుకే బూరెకి వేరేది. పరుపులూ గోనెపట్టాలూ వేడినీళ్లలో ఉతకమన్నారు.

తర్వాత నా నోట్‌బుక్ తెరిచారు. తిడతారనుకున్నాను. శ్రద్ధగా చదివి, "లివర్ ఐదు శాతం దాటకుండా చూశారు, సంతోషం. చవగ్గా వస్తుందని రోజూ లివరే పెట్టి, విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోయిన పిల్లుల్ని చూశాను" అన్నారు. 80-10-10 మాత్రం సంపూర్ణం కాదన్నారు. జింకు, మాంగనీసు, అయోడిన్, విటమిన్ ఇ, డి కండలోంచి చాలినంత రావు. పచ్చిదనం గురించి అడిగితే ఒకటే మాట: "కుక్కకి ఏమీ కాకపోవచ్చు. అది నాకే చేతులు మీవి."

ఇంకో మాట కూడా. "అన్నం తప్పని మీకెవరు చెప్పారు?" కుక్కలు మనిషి పంచన చేరాక పిండిపదార్థం అరిగించుకునే జన్యువు వాటిలో రెట్టింపులు రెట్టింపులుగా పెరిగిందని 2013లో వచ్చిన పరిశోధన గురించి చెప్పారు. తోడేలుకి రెండు కాపీలుంటే కుక్కకి నాలుగు నుంచి ముప్పై. మా కర్రోడి తాతముత్తాతలు ఎన్ని ఇళ్ల పెరుగన్నం తిన్నారో. పిల్లి అలా కాదు, దానికి మాంసమే దిక్కు.

జనవరి 15, 2025, కనుమ

మావయ్య పందెంలో ఓడిన పుంజుని, అదే కోసని, తెచ్చాడు. ఇంట్లో పండగంతా దాని చుట్టూనే. "మీ వాడికి మెడ ఇవ్వవే, వాడూ గోదావరి జిల్లా వాడే కదా" అన్నాడు. ఇవ్వలేదు. బరిలోకి దించేముందు పుంజులకి ఏం మందులు పడతాయో ఎవరికి తెలుసు? వండినా పోని మందులుంటాయి. మనుషులు లొట్టలేసుకుంటూ తిన్నారు. నేనూ తిన్నాను.

దురద పోయింది. పుండు మానింది.

ఫిబ్రవరి 3

అసలు ఇప్పుడు ఇది ఆపేయాలి కదా, దురద కోసమే కదా మొదలుపెట్టింది? ఆపలేదు. ఎందుకని నన్ను నేనే అడుగుతున్నాను. ఆ కవర్లూ తేదీలూ కాటా, అవంటే నాకు ఇష్టం. కర్రోడు సాయంత్రం ఆరింటికి వరండాలో కాటా చప్పుడు వినగానే తోకతో గోడ కొట్టడం ఇష్టం. బాగోగుల కన్నా సరదా ఎక్కువైనట్టుంది.

ఖర్చు చూస్తే నెలకి 2,900 దాకా అవుతోంది, కరెంటు కాకుండా. పెరుగన్నం రోజుల్లో 900 కూడా కాలేదు.

ఫిబ్రవరి 11

వారం నుంచి గుసగుసలు. ఫలానా ఊళ్లో ఫారం కోళ్లు వేలకి వేలు చచ్చిపడుతున్నాయని. నిన్న భోపాల్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చిందట, బర్డ్‌ఫ్లూ, హెచ్5ఎన్1. పెరవలి మండలం కానూరు అగ్రహారం, తణుకు దగ్గర వేల్పూరు. కానూరు అగ్రహారం మా జిల్లాలోనే. ఫారం చుట్టూ కిలోమీటరు దాకా కోళ్లని పూడ్చేయడం, పది కిలోమీటర్ల దాకా నిఘా. మా కొట్టు బాబాయ్‌కి బేరాల్లేవు. కిలో 220 ఉన్నది 150 అన్నాడు. "బాగా ఉడికించి తింటే ఏమీ కాదని గవర్నమెంటోళ్లే చెబుతున్నారమ్మా" అని దారిన పోయేవాళ్లందరికీ చెబుతున్నాడు.

ఆ మాట నిజమే. డెబ్బై డిగ్రీలు దాటితే వైరస్ నిలవదు. కానీ నా ఫ్రీజరులో ఇరవై ఆరు కవర్లున్నాయి. ఒక్కటి కూడా ఉడికించడానికి కట్టింది కాదు.

పిల్లుల గురించి చదివి నీరుకారిపోయాను. ఈ వైరస్ కుక్కల కన్నా పిల్లుల్ని బాగా పట్టుకుంటుంది. మొన్న డిసెంబరులోనే అమెరికాలోని ఓరెగాన్‌లో ఒక ఇంటి పిల్లి చచ్చిపోయింది. అది తిన్న టర్కీ కోడి పచ్చి మాంసం ప్యాకెట్‌లోని వైరస్, పిల్లి ఒంట్లోని వైరస్ ఒకటేనని తేలి, ఆ సరుకంతా వెనక్కి రప్పించారు. అదీ ఫ్రీజ్ చేసిందే. చలికి ఈ వైరస్ చావదు, పైగా నిల్వ ఉంటుంది.

బూరె నా ఒళ్లోనే ఉంది, ఇది రాస్తుంటే. ఈ రోజు నుంచి దానికి పచ్చిది బంద్. కర్రోడికి కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇరవై ఆరు కవర్లనీ విప్పాను. మెడలన్నీ తీసి సున్నం చల్లి గోతిలో పూడ్చాను, ఉడికిన ఎముక పెట్టకూడదు కాబట్టి. మిగతాదంతా పెరట్లో పాత కుక్కర్‌లో పెట్టేశాను. గ్లవ్స్, మూతికి గుడ్డ. బల్ల, పలక, కుళాయి చుట్టూ సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ పౌడరు నీళ్లు. సబ్బు ముందు, బ్లీచింగ్ తర్వాత. జిడ్డు మీద బ్లీచింగ్ పోస్తే పని చెయ్యదు.

ఎముక పోయింది కాబట్టి కాల్షియం ఎక్కణ్ణుంచి తేవాలి? గుడ్డు పెంకులు. ఒక పెంకు ఐదారు గ్రాములుంటుంది, దాదాపు అంతా సున్నపురాయే. గ్రాము పొడికి 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం వస్తుంది. కర్రోడి రోజు మాంసానికి రెండున్నర గ్రాములు చాలు. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి, టీ వడగట్టే జాలీలో జల్లించాను. పలుకులు మిగిలితే మళ్లీ తిప్పాలి. వేలి మధ్య రాస్తే ముగ్గుపిండిలా మెత్తగా ఉండాలి.

పొడి చేసింది అమ్మ చిన్న జార్‌లో. చెప్పకుండా చేశాను. "ఆ జార్‌లో రేపు నేను కొబ్బరి పచ్చడి ఎలా చెయ్యనే?" అని సాయంత్రం దాకా మాట్లాడలేదు. రాత్రి కొత్త జార్‌కి 450 ఇచ్చాను. చిట్టాలో ఈ ప్రాజెక్టు కిందే రాశాను.

ఫిబ్రవరి 20

వండితే పిల్లులు చచ్చిపోతాయని పచ్చి మాంసం వాళ్లు గట్టిగా చెబుతారు. దాని మూలం వెతికితే కాలిఫోర్నియాలో పాటెంజర్ అనే డాక్టరు 1932 నుంచి పదేళ్లపాటు వందల పిల్లుల మీద చేసిన ప్రయోగం దగ్గర తేలింది. వండిన మాంసం తిన్న పిల్లులు తరం తరానికీ చిక్కిపోయాయి. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఉడికించినప్పుడు అది నీళ్లలోకి దిగిపోతుంది. టారిన్ తగ్గితే పిల్లి గుండె ఉబ్బి పల్చబడుతుందని 1987లో పాల్ పియన్ బృందం నిరూపించింది. ఇప్పుడు గింజల ప్యాకెట్లలో దాన్ని కలుపుతారు.

కాబట్టి నా పని తేలికే. కొంచెం నీళ్లలో, మూత పెట్టి, సన్నమంట మీద ఉడికించడం, ఆ నీళ్లు పారబోయకుండా గిన్నెలోనే పోయడం. పైన డాక్టరమ్మ గారు రాసిన టారిన్ పొడి. పిల్లికి పూర్తిగా ఇంటి తిండి సరిపెట్టడం కష్టమని, సగం గింజలు ఉంచమన్నారు. బూరె అభిప్రాయం కూడా అదే. ఉడికించిన గుండెకాయ ముందు గచ్చు గీకడం మానేసింది. మూడు నెలలు దాన్ని బతిమాలిందంతా దేనికో!

చేప తలకాయ కూడా ఇకనుంచి ఉడికించే. పచ్చి చేపల్లో కొన్నిటికి, ముఖ్యంగా కార్ప్ జాతిలో కొన్నిటికి, విటమిన్ బి1ని విరిచేసే గుణముంది. వేడికి పోతుంది. "పులసల కాలం వస్తే దానికీ పులుసు పెడతావేంటి?" అంది అమ్మ. జార్ కోపం ఇంకా పోలేదు.

మార్చి 9

చెల్లి పురిటికి వచ్చింది, ఏడో నెల. వచ్చిన గంటకే ఫోన్‌లో ఏదో చదివి, "అక్కా, పిల్లి ఉన్న ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఉండకూడదటగా?" అంది. అత్తగారు పంపిన మెసేజ్.

నాలుగు నెలల నోట్‌బుక్ ఇప్పుడు పనికొచ్చింది. టాక్సోప్లాస్మా పిల్లికి పచ్చి మాంసం వల్లో ఎలుక వల్లో వస్తుంది. మొదటిసారి సోకినప్పుడు రెండు మూడు వారాలపాటు దొడ్డిలో గుడ్లు పడతాయి. అవి బయట ఒక రోజు గడిచాకే ఎవరికైనా అంటుకునే స్థితికి వస్తాయి. అందుకని ఇసుక తొట్టె రోజూ ఎత్తేయాలి, ఆ పని చెల్లి చెయ్యకూడదు, నేనే చేస్తాను. బూరె పచ్చి మాంసం మానేసి ఇరవై ఆరు రోజులైంది. మధ్యలో ఎలుకని పట్టిందా? దాని తల మీద ఒట్టేసి చెప్పలేను. చెల్లిని పరీక్ష చేయించుకోమన్నాను, ఎలాగూ రక్తం ఇవ్వబోతోంది కదా. దానికన్నా సరిగా వేగని మాంసం, కడగని ఆకుకూరల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలని వాళ్ల డాక్టరు కూడా చెప్పారట.

నేను లోపల్లోపల లెక్క వేసుకుంటున్నది వేరు. ఫిబ్రవరిలో ఆపకుండా ఉంటే, ఇవాళ చెల్లి వచ్చే వేళకి ఫ్రిజ్ కింది అరలో కరుగుతూ ఒక కవరు ఉండేది. కర్రోడు తిన్న నోటితో దాని చెయ్యి నాకేవాడు.

ఏప్రిల్ 4

నరసరావుపేట పాప వార్త. రెండేళ్ల పిల్ల. మంగళగిరి ఎయిమ్స్‌లో మార్చి నెలలో పోయింది, పుణె ల్యాబ్‌లో హెచ్5ఎన్1 అని తేలింది. ఇంట్లో కూర కోసం కోస్తున్నప్పుడు అడిగితే ఒక పచ్చి ముక్క చేతికిచ్చారని పేపర్లో రాశారు. ఆ ఇంట్లోవాళ్లని ఒక్క మాట కూడా అనలేను. మన ఇళ్లలో కత్తిపీట దగ్గర కూర్చున్న పిల్లలకి ముక్క ఇవ్వని అమ్మ ఎవరు?

రాత్రి కొట్టు బాబాయ్ దగ్గరికి వెళ్లాను. మొద్దుని రోజూ వేడినీళ్లతో కడిగి ఉప్పు రాస్తున్నానని తనే చెప్పాడు. కొత్త బకెట్ కూడా కనిపించింది.

మే 4, ఆదివారం

కర్రోడు 18.5, బూరె 3.4. ఏప్రిల్ మొదట్లో కర్రోడు 17.8కి పడిపోయాడు, ఉత్త మాంసం మీద ఆ తూకం వాడికి చాలలేదు. ఇప్పుడు పచ్చిగా తూచిన మాంసం 300, లివర్, కిడ్నీ కలిపి 30, ఉడికిన అన్నం 250, గుమ్మడికాయో ఆనపకాయో ఒక గరిటె, పెంకుల పొడి, డాక్టరమ్మ గారిచ్చిన ఖనిజాల పొడి. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేవు. వారానికి రెండుసార్లు పెరుగు. పంటి పాచికి మెడల బదులు బ్రష్ మొదలుపెట్టాను. వాడు బ్రష్‌ని తింటున్నాడు.

నెల ఖర్చు 2,100.

బెంగళూరు అన్నయ్య ఫోన్ చేసి, "ఆపేశావా? పిరికిదానివే" అన్నాడు. వాడికి రెండు ఫ్రీజర్లు, బ్రాండెడ్ ప్యాకెట్లు. వాడి ఇంట్లో చంటిపిల్లలూ లేరు. వాదించలేదు. వాడి కుక్క దురద సంగతి అడిగాను. తగ్గలేదట. దువ్వెన, తడి దూది గురించి చెప్పాను.

డీప్ ఫ్రీజరు అమ్మ ఆధీనంలోకి పోయింది. రెండు రోజులు కడిగించి, సాంబ్రాణి కూడా వేయించింది. ఇప్పుడు అందులో చెల్లి కోసం ముంజలు, సగానికి కోసిన రసాలు. తలుపు మీద నేను రాసి అంటించిన "పూట: 230" చీటీ ఇంకా అలాగే ఉంది. పెంకుల డబ్బా అడుగంటింది, రేపు మళ్లీ పొడి చేయాలి.